ప్రార్థనలో "నీ చిత్తమైతే" అనడం అవిశ్వాసమా? యేసు ప్రార్థించిన తీరు ఏమి చెబుతోంది?

ప్రశ్న (ఒక సంఘ సభ్యురాలు)

క్రీస్తునందు ప్రియ సహోదరీ సహోదరులకు వందనములు.

మా కుటుంబంలో ఒకరి స్వస్థత కొరకు చాలా కాలంగా ప్రార్థిస్తున్నాను. ప్రార్థన ముగించేటప్పుడు "ప్రభువా, ఇది నీ చిత్తమైతే జరిగించుము" అనడం నాకు చిన్నప్పటి నుండి అలవాటు. ఈ మధ్య ఒక ప్రార్థన కూడికలో ఒకరు ఆ మాటను తప్పుపట్టారు. "చిత్తమైతే" అన్నవాడు సందేహిస్తున్నట్టే లెక్క అనీ, అడిగినదాన్ని అప్పటికే పొందామని నమ్మి ధైర్యంగా పలకాలనీ గట్టిగా చెప్పి, మార్కు 11:24 చదివి వినిపించారు. మా ఇంట్లో స్వస్థత ఆలస్యం కావడానికి నా ప్రార్థనే కారణమన్నట్టుగా ఆ మాటలు నాకు తగిలాయి. అప్పటి నుండి మోకరించిన ప్రతిసారీ ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతోంది.

అందుకే యేసు ప్రభువు ప్రార్థించిన సందర్భాలన్నీ సువార్తలలో వెదికి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ప్రశ్నలు పెరిగాయి. దేవుని కుమారుడైన ఆయనకు ప్రార్థన అవసరం ఎందుకు వచ్చింది? అన్యజనుల వలె వ్యర్థమైన మాటలు వచింపవద్దని మత్తయి 6:7లో చెప్పిన ఆయన, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఒకే మనవిని మూడుసార్లు ఎందుకు చేశారు? అన్నిటికంటె ముఖ్యంగా, గిన్నె, అంటే తనకు రాబోయే శ్రమను, మరణాన్ని, తొలగించమని ఆయన అడిగినప్పుడు అది తొలగిపోలేదు కదా, ఆ ప్రార్థన ఆలకింపబడిందని మనం ఎలా చెప్పగలం? వాదం కోసం అడగడం లేదు. ఏమని ప్రార్థించాలో తెలియక అడుగుతున్నాను.

జవాబు (సండే స్కూలు ఉపాధ్యాయుడు)

వందనములు సహోదరీ. మీకు చెప్పిన ఆ మాట ఎంత భారంగా ఉండి ఉంటుందో అర్థమవుతోంది. ముందుగా "అయితే" అన్న మాట గురించి చూద్దాం. ఎందుకంటే మార్కు సువార్తలోనే ఆ మాటతో యేసు వద్దకు వచ్చినవారు ఇద్దరున్నారు, ఆ ఇద్దరికీ ఆయన ఇచ్చిన జవాబులు వేరు.

మొదటివాడు 1వ అధ్యాయంలోని కుష్ఠరోగి. అతడు మోకాళ్లూని, నీకిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవని వేడుకున్నాడు. యేసు అతణ్ణి గద్దించలేదు, విశ్వాసం చాలదనలేదు. కనికరపడి, చెయ్యి చాపి, ఎవరూ తాకని ఆ మనిషిని తాకి, నాకిష్టమే అన్నారు. రెండవవాడు 9వ అధ్యాయంలో కనిపిస్తాడు, మూగదయ్యం పట్టిన కుమారుణ్ణి తీసుకొని వచ్చిన తండ్రి. ఏమైనను నీవలన నైతే మామీద కనికరపడి సహాయము చేయుమని అతడు అడిగినప్పుడు, యేసు ఆ "నీవలన నైతే" అన్న మాటను పట్టుకొని, నమ్మువానికి సమస్తమును సాధ్యమే అన్నారు. కుష్ఠరోగి ఆయన శక్తిని కొంచెమైనా శంకించలేదు, నిర్ణయాన్ని మాత్రం ఆయనకే విడిచిపెట్టాడు. ఆ తండ్రి సందేహించింది శక్తినే. మీరు "నీ చిత్తమైతే" అంటున్నప్పుడు కుష్ఠరోగి పక్కన నిలబడుతున్నారు. పైగా ఆ తండ్రిని సైతం ప్రభువు వట్టి చేతులతో పంపలేదు. నమ్ముచున్నాను, నా అపనమ్మకమునకు సహాయము చేయుమని అతడు కేక వేస్తే, ఆ సగం విశ్వాసానికే కుమారుణ్ణి బాగుచేసి ఇచ్చారు.

ఇక గెత్సేమనే విషయానికి వస్తాను. పస్కా భోజనం ముగిసింది, కీర్తన పాడి ఒలీవల కొండకు బయలుదేరారు. ఆ పండుగ రాత్రి యూదులు పాడే కీర్తనలు 113 నుండి 118 వరకు ఉన్నవి. తోటలో ఎనిమిది మందిని ఒకచోట కూర్చోబెట్టి, పేతురును, యాకోబును, యోహానును మరికొంత లోపలికి తీసుకొని వెళ్లి, తన ప్రాణం మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నదని వారితో చెప్పి, మరికొంత దూరం వెళ్లి నేలమీద పడి ప్రార్థించారు. అక్కడ ఆయన పలికిన మాటల వరుసను మార్కు 14:36లో నెమ్మదిగా చూడండి: "అబ్బా తండ్రీ, నీకు సమస్తము సాధ్యము, ఈ గిన్నె నాయొద్దనుండి తొలగించుము, అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము." తండ్రి అనే పిలుపు మొదట వచ్చింది, ఆయన శక్తి మీద పూర్తి నమ్మకం తరువాత వచ్చింది, ఆ పైన తనకు కావలసినదేదో దాపరికం లేకుండా చెప్పడం జరిగింది, అప్పగింత ఆ తరువాతనే వచ్చింది. మనలో చాలామంది ఈ మూడవ మెట్టును దాటవేస్తున్నామని నా ఉద్దేశం. మనకు నిజంగా ఏమి కావాలో దేవుని ముందు పలకడానికి వెనుకాడి, నీ చిత్తమే జరుగును గాక అని ముందుగానే అనేసి లేస్తాము. అది భక్తిలా కనిపిస్తుంది గాని, యేసు చేసినది అది కాదు. ఆయన ముందు అడిగారు.

ఒకే మనవిని మూడుసార్లు చేయడం గురించి అడిగారు. మత్తయి 6:7లో ఆయన ఖండించినది విస్తారంగా మాట్లాడితేనే దేవుడు వింటాడనే తలంపును. ఆ వెంటనే 8వ వచనంలో, మీరు అడుగకమునుపే మీకు అక్కరగా ఉన్నవేవో మీ తండ్రికి తెలుసునని కారణం చెప్పారు. బాధలో ఉన్నవాడు అదే మాటను మళ్లీ మళ్లీ పలకడం దేవుణ్ణి మాటలతో ఒప్పించే ప్రయత్నం కాదు. అంతేకాదు, మత్తయి 26వ అధ్యాయంలో 39వ వచనాన్నీ 42వ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిసారి సాధ్యమైతే గిన్నె తొలగిపోనిమ్మని అడిగారు. రెండవసారి, త్రాగితేనే గాని ఇది తొలగిపోవుట సాధ్యము కానియెడల నీ చిత్తమే సిద్ధించుగాక అన్నారు. మూడవసారి మరల ఆ మాటలే చెప్పారని మత్తయి రాశాడు. గిన్నె తొలగించమన్న మనవి వెనుకకు వెళ్లి, దాన్ని త్రాగడానికి సిద్ధపడడం ముందుకు రావడం ఆ రెండు వచనాల మధ్యనే కనబడుతుంది. ఆ మార్పు ఒక్క నిమిషంలో వచ్చింది కాదు, మధ్యలో లేచి వెళ్లి నిద్రపోతున్న శిష్యులను చూసి తిరిగి వచ్చారు. పరలోక ప్రార్థనలో శిష్యులకు తాను నేర్పిన "నీ చిత్తము నెరవేరును గాక" అన్న మనవినే ఆ రాత్రి తానే పలికారన్నది నన్ను ఎప్పుడూ నిలవేస్తుంది. శిష్యులకు నేర్పడం ఒకటి, చెమట ధారలు కారుతుండగా పలకడం మరొకటి.

మీకు చూపించిన మార్కు 11:24ను కూడా ఈ వెలుగులోనే చదవాలి. ప్రార్థన చేయునప్పుడు అడుగుచున్న వాటినెల్లను పొందియున్నామని నమ్ముడని ప్రభువు చెప్పినది యెరూషలేములో ప్రవేశించిన ఆ చివరి వారంలోనే. అదే వారంలో కొద్ది రోజుల తరువాత ఆయన గెత్సేమనేలో మోకరించారు. "చిత్తమైతే" అనడం అవిశ్వాసమైతే, ఆ బోధ చేసిన ప్రభువే దాన్ని మీరారని ఒప్పుకోవలసి వస్తుంది, అది ఏ విశ్వాసీ ఒప్పుకోలేడు. దాని తరువాతి వచనాన్ని, అంటే 25వ వచనాన్ని, కూడికలలో అంతగా చదవరు. మీరు నిలువబడి ప్రార్థన చేయునప్పుడెల్లను ఒకనిమీద విరోధమేమైనను కలిగియున్నయెడల క్షమించుడని అక్కడ ఉంది. విశ్వాసంతో అడగడానికి యేసు జతచేసిన షరతు ఇదే.

జవాబు (వాక్య విద్యార్థిని)

అన్నగారు చెప్పినదానికి నేను ఏకీభవిస్తున్నాను. ఆయనకు ప్రార్థన ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం జవాబిస్తాను, అక్కా.

యేసు నిజమైన మనుష్యుడై జీవించారు గనుక తండ్రిమీద ఆధారపడి జీవించారు, ఆ ఆధారపడడానికి పేరే ప్రార్థన. లూకా దీన్ని మిగిలిన సువార్తికులకంటె ఎక్కువ శ్రద్ధగా రాశాడు. బాప్తిస్మము పొంది ప్రార్థించుచుండగా ఆకాశము తెరవబడింది (3:21). కొండమీద రూపాంతరం కూడా ఆయన ప్రార్థించుచుండగానే జరిగింది (9:29). వార్త వ్యాపించి బహుజన సమూహాలు కూడి వస్తున్నప్పుడు ఆయన అరణ్యములోనికి వెళ్లి ప్రార్థన చేయుచుండెను (5:15-16). పని పెరిగితే మనం ముందుగా కోత పెట్టేది ప్రార్థనకే. ఆయన విషయంలో పని పెరిగేకొద్దీ ఏకాంతం పెరిగింది.

కపెర్నహూములో జరిగిన ఒక్క సంగతి చూడండి. సూర్యుడు అస్తమించాక పట్టణమంతా వాకిట కూడివచ్చింది, అనేకులను స్వస్థపరచారు. మరునాడు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించారు. సీమోనూ అతనితో ఉన్నవారూ వెదుకుతూ వచ్చి, అందరూ నిన్ను వెదకుచున్నారని చెప్పారు. వారి మాట ప్రకారం చూస్తే తిరిగి కపెర్నహూముకే వెళ్లాలి, జనం అక్కడే ఉన్నారు, రోగులూ అక్కడే ఉన్నారు. ఆయన మాత్రం ఇతర సమీప గ్రామములకు వెళ్లుదము రండి, ఇందునిమిత్తమే గదా నేను వచ్చియున్నాను అన్నారు. తాను ఎందుకు వచ్చారో ఆ ఉదయం ఆయనకు స్పష్టంగా ఉంది. జనం తనను బలవంతంగా రాజును చేయబోతున్నారని తెలిసినప్పుడు కూడా ఆయన ఒంటరిగా కొండకే వెళ్లారు (యోహాను 6:15). ఆ వేళ అక్కడ ప్రార్థించారని మార్కు 6:46 చెబుతోంది. మెప్పు తమవైపు లాగుతున్నప్పుడు ఎక్కడికి వెళ్లాలో సేవ చేసేవారికి ఈ రెండు సందర్భాలు నేర్పుతాయి.

జవాబు (ప్రార్థన బృంద నాయకుడు)

సహోదరికి వందనములు. కూడికలో మీతో ఆ మాట చెప్పిన తీరు ప్రేమకు తగినది కాదు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. అయినా ఆ మాట వెనుక ఉన్న ఆందోళనలో కొంత నిజముందని నేను చెప్పాలి, ఎందుకంటే పైన వచ్చిన జవాబులను చదివి ఎవరైనా అడగడమే మానుకొనే ప్రమాదం ఉంది.

"నీ చిత్తమైతే" అన్న మాటను కొందరు నిజమైన అప్పగింతతో పలుకుతారు. మరికొందరు ఏమీ జరగదని ముందే అనుకొని, ఆ నిరాశకు కప్పుగా పలుకుతారు. యేసు నేర్పిన ప్రార్థనలో రెండవదానికి చోటు లేదు. అర్ధరాత్రి స్నేహితుని తలుపు తట్టి మూడు రొట్టెలు అడిగినవాని ఉపమానం (లూకా 11) చూడండి. లోపలివాడు తలుపు వేసుకున్నానని, పిల్లలు తనతో పడుకున్నారని చెప్పినా బయటివాడు కదలలేదు, సిగ్గుమాలి అడుగుతూనే ఉన్నాడు. అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికి వచ్చిన విధవరాలి ఉపమానాన్ని (లూకా 18), విసుకక నిత్యము ప్రార్థన చేయుచుండవలెననుటకే ఆయన చెప్పారని లూకా ముందే రాశాడు. ఆ స్నేహితుని గాని, ఆ న్యాయాధిపతిని గాని తండ్రితో సమానం చేయడం ఆయన ఉద్దేశం కాదు. అలాంటివారే చివరికి ఇచ్చినప్పుడు తండ్రి మరి నిశ్చయంగా ఇస్తాడని ఆయన తాత్పర్యం.

యెరికో దారిలో బర్తిమయి గ్రుడ్డివాడని అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా యేసు నేను నీకేమి చేయగోరుచున్నావని అడిగారు, చూపు కావాలని అతని నోట చెప్పించారు. కాబట్టి అమ్మా, స్వస్థత కావాలని స్పష్టంగా అడగండి, ఏ బాధ తగ్గాలో, ఏ పరీక్ష ఫలితం కొరకు ఎదురు చూస్తున్నారో కూడా పేరు పెట్టి అడగండి. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపే ముందు, అతని సమాధి దగ్గర ప్రభువు రాయి తీసివేయించి, తండ్రీ నీవు నా మనవి వినినందున నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నానని లాజరు ఇంకా లోపల ఉండగానే స్తుతించారు. అడగడంలో ఆ నమ్మకం ఉండాలి. ఆ తరువాత అప్పగించడాన్ని నేను కాదనడం లేదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. కుష్ఠరోగి మాట నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. నాయకుడు అన్నగారు చెప్పినది కూడా నిజమే. నేను కొన్నిసార్లు ఆశ వదులుకొని ఆ మాట అంటున్నానని ఇప్పుడు తెలుస్తోంది. అయితే చివరి ప్రశ్న మిగిలే ఉంది. గెత్సేమనే ప్రార్థన ఆలకింపబడిందా? ఇంకొకటి కూడా అడుగుతాను. ఎంతకాలమైనా మార్పు కనబడనప్పుడు నోట మాటే రాని రోజులుంటాయి, అప్పుడు ఏమి చేయాలి?

జవాబు (విశ్రాంత సంఘకాపరి)

అమ్మా, వందనములు. మీ మొదటి ప్రశ్నకు హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 5:7 నేరుగా జవాబిస్తుంది. యేసు శరీరధారియైయున్న దినములలో మహా రోదనముతోను కన్నీళ్లతోను, తన్ను మరణమునుండి రక్షింపగలవానికి ప్రార్థనలను యాచనలను సమర్పించి, భయభక్తులు కలిగియున్నందున అంగీకరింపబడెనని అక్కడ ఉంది. మరణంనుండి రక్షింపగలవానికి ప్రార్థించిన ఆయన మరునాడే మరణించారు, అయినా అంగీకరింపబడ్డారని ఆ పత్రిక సంకోచం లేకుండా చెబుతోంది. మరణం దరిచేరకుండా తప్పించడం ఒక విధమైన రక్షణ. మరణంలోకి వెళ్లినవాణ్ణి మూడవ దినమున అందులోనుండి లేపడం మరొక విధమైన రక్షణ. తండ్రి ఇచ్చిన జవాబు రెండవది. తోటలో ఆ గడియలో కూడా మౌనమే లేదు, పరలోకమునుండి ఒక దూత వచ్చి ఆయనను బలపరచాడని లూకా 22:43 చెబుతోంది. దూత వచ్చాక గిన్నె తొలగలేదు, ఆయన మరింత ఆతురముగా ప్రార్థించారు. బలపరచడమంటే వేదన తీసివేయడం కాదని నా సేవలో రోగుల పడకల దగ్గర నేను ఎన్నోసార్లు చూశాను.

మరొక సంగతి కూడా గమనించండి. పన్నెండుమందిని ఏర్పరచుకొనే ముందు యేసు రాత్రంతా ప్రార్థనలో గడిపారు (లూకా 6:12). ఆ పట్టికలో తరువాత ఆయనను అప్పగించిన ఇస్కరియోతు యూదా ఉన్నాడు. బాగా ప్రార్థించి తీసుకున్న నిర్ణయంలో దుఃఖం రాకూడదని మనకు ఎవరూ వాగ్దానం చేయలేదు. దుఃఖం వచ్చింది గనుక ప్రార్థన లోపించిందని ఎవరైనా అంటే, ఆ రాత్రిని వారికి గుర్తుచేయండి. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపము చేసెనని అడిగిన శిష్యులకు, వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదని ప్రభువే చెప్పారు. రోగి కుటుంబం మీద నింద మోపడానికి ఆయన ఒప్పుకోలేదు, ఆయన పేరున మనం మోపడం న్యాయం కాదు.

నోట మాట రాని రోజుల గురించి అడిగారు. సిలువ మీద యేసు పలికిన ప్రార్థనలలో రెండు కీర్తనలలోనివే. "నా దేవా, నా దేవా" అని బిగ్గరగా వేసిన కేక 22వ కీర్తన మొదటి మాట. సువార్తలలోని ఆయన ప్రార్థనలన్నింటిలో తండ్రీ అని పిలువక దేవా అని పిలిచినది ఈ ఒక్క చోటే, చెయ్యి విడువబడినవాని లోతు అంతగా ఉంది. చివరి శ్వాసతో పలికిన మాట 31వ కీర్తన 5వ వచనం, దాని ముందు మరల తండ్రీ అన్న పిలుపును చేర్చి పలికారు. అంతటి వేదనలో ఆయన కొత్త మాటలు కూర్చుకోలేదు. చిన్నతనం నుండి కంఠస్థంగా ఉన్నవే నోటికి వచ్చాయి. మీరూ అలాగే చేయవచ్చు. మాట రాని రోజున 13వ కీర్తన తీసి బిగ్గరగా చదవండి, "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని అది మొదలవుతుంది. అదీ భారమైతే 88వ కీర్తన ఉంది. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతివైపు తిరుగుతాయి గాని అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా దేవుడు దాన్ని తన గ్రంథంలో ఉంచాడు. కీర్తన చదవడాన్ని ప్రార్థన కాదని ఎవరన్నా లెక్కచేయకండి.

ఇంకొక్క మాట. యేసు గెత్సేమనేలోకి ఒంటరిగా వెళ్లలేదు, తనతో కూడ మెలకువగా ఉండమని ముగ్గురిని బ్రతిమాలారు. వారు నిద్రపోయారు, ఒక్క గడియ కూడా మేల్కొనలేకపోయారు. అదే రాత్రి భోజనపు బల్ల దగ్గర పేతురుతో ఆయన, నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటినని చెప్పి ఉన్నారు. ఆయనను ఎరుగనని పేతురు బొంకకుండా ఉండాలని వేడుకున్నట్టు అక్కడ లేదు. నమ్మిక తప్పిపోకూడదని వేడుకున్నారు. పేతురు బొంకాడు, ఏడ్చాడు, తిరిగి వచ్చాడు. మీ నోరు పెగలని దినాన మీ కొరకు పలికే ప్రధాన యాజకుడు ఆయనే, విజ్ఞాపనము చేయుటకు నిరంతరము జీవించుచున్నాడని హెబ్రీయులకు 7:25లో ఉంది. కాబట్టి మీ సంఘంలో నమ్మదగిన ఇద్దరు ముగ్గురిని పిలిచి, బోధించడానికి కాక మీ పక్కన కూర్చోవడానికే రమ్మని అడగండి. వారి ముందు స్వస్థత కావాలని సూటిగా అడగండి, అడిగాక నీ చిత్తమైతే అనాలని మీకు అనిపిస్తే నిర్భయంగా అనండి. మీ ఇంటివారి కొరకు ఇక్కడ మేము కూడా ప్రార్థిస్తాము, పేరు రాయనక్కరలేదు.